పలుపు లేని యంత్రం

పద్మనాభయ్య గారు పశువును చూడడానికి వస్తున్నారంటే అమ్మేవాడికి ముందు రోజు నుంచే అన్నం సయించేది కాదు. సంతలో ఆయన ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగి, వీపు మీద అరచెయ్యి వేసి, ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నారంటే ఇక ఆ ఎద్దును కొనేవాడు ఆ సంతలో ఉండేవాడు కాదు. ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా ఏ ఇంట్లో జత కొనాలన్నా ముందు ఆయనకు కబురు వెళ్లేది. అల్లుణ్ని చూసేటప్పుడు కూడా మావాళ్లు అంత విచారించేవారు కాదు. ఆ అల్లుళ్లలో కొందరికి మిషన్ స్కూల్లో చదువు చెప్పినదాన్ని నేనే కనుక ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను.

పశువుల బేరంలో మా వైపు ఒక మర్యాద ఉంది. అమ్మినవాడు పలుపు ఇవ్వడు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకుని, పశువు మెడకు కట్టి తోలుకుపోవాలి. పాత పలుపు వెంట అమ్మిన ఇంటి లక్ష్మి కూడా వెళ్లిపోతుందని నమ్మకం. అందరూ పాటించే మర్యాదే, కానీ పద్మనాభయ్య గారు దాన్ని మతంలాగా పాటించేవారు. ఒకసారి అమ్మినవాడు మరిచిపోయి పాత పలుపు మెడలోనే వదిలేస్తే, సగం దారి నుంచి ఎండలో వెనక్కి నడిచి వెళ్లి ఇచ్చి వచ్చారు. ఆ ఇంటివాళ్లు కాఫీ ఇస్తామన్నా కూర్చోలేదట. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం మొదటి నుంచీ వినేవారు.

ఆయన కొట్టంలో రెండు తెల్ల ఎద్దులుండేవి, దేవర, గిరి. దేవరను దూడగా ఉన్నప్పుడే ఎంచి తెచ్చుకున్నారు. ఇంట్లో భార్యతో పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట మాట్లాడే మనిషి, దేవర మెడ గోకుతూ ఊరి సంగతులన్నీ చెప్పేవారు. ఆవిడ కూడా ఏమీ అనుకునేది కాదు. ఏదైనా అవసరమైతే వచ్చి దేవర పక్కన నిలబడి దానికే చెప్పినట్టు చెప్పేది. పని జరిగిపోయేది.

ఇక మా ఊరి కష్టం. పొలాల్లో మిగులు నీళ్లన్నీ ఒక మురుగు కాలువలో పడి సముద్రంలోకి పోవాలి. కాలువ సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం. ఎండాకాలమంతా సముద్రం ఆ మొగను ఇసుకతో పూడుస్తుంది. కార్తీకం వానలు దిగితే నీళ్లకు దారి దొరక్క పల్లపు చేల మీదికి తిరుగుతాయి. ఏటా ఊరంతా పారలు పట్టుకుని పోయి తవ్వేది. పగలు తవ్వింది తెల్లారేసరికి పూడిపోయేది. సముద్రం కూలి అడగకుండా పనిచేస్తుంది, దానితో మనకు పోటీ ఎక్కడ?

అందరికన్నా పల్లంలో ఉన్నది మాలకొండమ్మ చేను. భర్త పోయాక కౌలుకు తీసుకుని మొలగొలుకుల వరి నాటేది. వరసగా రెండేళ్లు మునిగింది. చైనా యుద్ధం అయిన మరుసటి సంవత్సరం నాట్లు పూర్తయ్యాక ఆమె పద్మనాభయ్య గారి కొట్టం దగ్గరికి వచ్చింది.

"అయ్యా, ఈ ఏడు గూడా మునిగితే నాకు కౌలు ఇచ్చేవోళ్లు ఎవరూ ఉండరు. బెస్తపల్లెలో చేపలు ఎండేసే కూలికి పోవాల్సిందే" అంది.

"ఈ ఏడు నీ చేను మునగదు మే. నేను చెప్తుండా గదా" అన్నారాయన, దేవర వీపు మీద చెయ్యి వేసి.

ఏ ధైర్యంతో అన్నారో ఆయనకే తెలియదు. ఆయన మాట ఇవ్వడం అరుదు, ఇస్తే తప్పడం అసలు లేదు. మాలకొండమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆ మాటతోనే ఈ కథ మొదలైంది.

అప్పటికే మా ప్రెసిడెంటుకు ఒక ఆలోచన వచ్చి ఉంది. ఆయన ఏదో ప్రాజెక్టు పక్కగా బస్సులో పోతూ, కిటికీలోంచి ఎక్స్‌కవేటరు పనిచేయడం చూశారు. బస్సు ఆగింది సోడా తాగేంతసేపే అయినా, ఆ సోడాతో పాటు యంత్రశాస్త్రం మొత్తం ఆయన కడుపులోకి వెళ్లింది. ఊరంతా తలా కొంత వేసుకుని అలాంటిది ఒకటి కొనాలని తీర్మానించారు. కొత్తది మనవల్ల అయ్యేది కాదు. సంగం అనే ఊళ్లో ఓబులేసు అనే కాంట్రాక్టరు దగ్గర కట్టల పనికి వాడిన పాతది ఒకటి ఉందనీ, పని లేక పెన్న ఒడ్డున నిలబెట్టాడనీ తెలిసింది. ఎక్స్‌కవేటరు అనే మాట ఎవరి నోటా తిన్నగా పలకలేదు గనుక మావాళ్లు దాన్ని బండి అనేశారు.

మరి చూసి బేరం చేసేదెవరు? "ఎద్దయినా ఈ బండయినా పనిచేసేదే గదా, చూసే కన్ను ఒకటే" అని ప్రెసిడెంటు తేల్చేశారు. పద్మనాభయ్య గారు మొహమాటపడ్డారు, ఆ మొహమాటంలోనే ఒప్పుకున్నారు. యంత్రం సంగతి తెలిసినవాడు కూడా ఒకడుండాలని మా తమ్ముణ్ని పంపారు. వాడి పేరు సమాధానం. లోకంలో శాంతి ఉండాలని మా నాన్న పెట్టిన పేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు దగ్గర మిలిటరీ క్యాంపులో బుల్‌డోజరు డ్రైవరుకు టీ అందించేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ టీ గ్లాసు చేతిలోంచి జారిపోయి దాని స్థానంలో స్టీరింగు వచ్చి చేరింది. బుల్‌డోజరుకు స్టీరింగు ఉండదని వాడికి ఎవరూ చెప్పలేదు. సంగంలో ఏం జరిగిందో వాడు చెప్పగా విన్నదే నేను రాస్తున్నాను. వాడు చెప్పినదాంట్లో సగం తీసేశాను.

యంత్రం పెన్న ఇసుకలో కడిగి, పసుపు కుంకుమ పెట్టి నిలబెట్టి ఉంది. చక్రాలకు బదులుగా తిరిగే ఇనుప పట్టాల మీద ఒక రేకుల గది, దాని ముందు కొబ్బరిచెట్టంత ఇనుప చెయ్యి, ఆ చేతి చివర నుంచి ఇనుప తాళ్ల మీద వేలాడే పెద్ద తొట్టి. తాడు వదిలితే తొట్టి దూరంగా పోయి పడుతుంది. గదిలో డ్రమ్ము తిరిగి తాడు చుట్టుకుంటే తొట్టి మట్టిని గీక్కుంటూ దగ్గరికి వస్తుంది. చెయ్యి పైకి లేవాలన్నా తాడే. ఇదంతా ఓబులేసు ఓపికగా చెప్పాడు. "తాళ్లు మొన్ననే మార్చినా అయ్యా. మద్రాసు సరుకు, కొత్తవి" అని కూడా అన్నాడు. పద్మనాభయ్య గారు వింటూనే, కిందికి వంగి యంత్రం కాళ్లు చూస్తున్నారు.

మా తమ్ముడు గదిలోకి ఎక్కి కనబడిన ప్రతి కర్రనూ ఒకసారి లాగి, "కండిషన్ ఓకే" అని దిగాడు. వాడి పరీక్ష అంతే.

పద్మనాభయ్య గారిది అలా కాదు. ముందు యంత్రం చుట్టూ తిరిగారు. దాని కింది ఇసుక పిడికెడు తీసి వాసన చూశారు.

"దీన్ని నిన్న కడిగినారు. నూనె ఈడ కారలేదు, వేరే చోట కారి ఈడికి వచ్చుండాది. నిన్న యాడ కట్టేసినారో ఆ చోటు చూపించండి."

ఓబులేసు ముఖం వాడిపోయింది. చూపించక తప్పలేదు. అక్కడ నూనె మడుగు కట్టి ఉంది.

"ఇప్పుడు లేపండి. ఊరికే తిప్పితే కాదు. ఎద్దును వట్టి కాడికి కట్టి చూస్తామా? తడి ఇసకలో దించి బరువు లాగించండి."

లాగించారు. ఆయన చెవి ఒగ్గి విన్నారు. ఎడమ పట్టా వదులని నడకలోనే పట్టారు. "ఎడమ కాలు ఈడుస్తాంది" అన్నారు. తొట్టి కిందికి దిగాక పట్టుకుని ఊపి, కీళ్లలో ఎంత ఆట ఉందో చూశారు. ఇంజను వేడెక్కాక ఆపించి, ఆయాసం తీరకముందే మళ్లీ లేపమన్నారు. అది లేవనని చాలాసేపు దగ్గింది. పొగ నల్లగా వస్తుంటే, "కడుపు బాగలేదు దీనికి" అని తలాడించారు. ఎందుకు అమ్ముతున్నావనీ, నడిపినవాడు ఎందుకు మానేశాడనీ అడిగారు. తిండి ఎంత తింటుందనీ అడిగారు. డీజిలు లెక్క చెబుతుంటే ఓబులేసుకు నుదుటి మీద చెమట పట్టింది. మా ఊరివాళ్లను వెక్కిరించడం నాకు అలవాటే గానీ, ఇక్కడ మాత్రం వెక్కిరించను. ఆయన చూసిన ప్రతిదీ నిజమే.

తర్వాత బేరం. సంతలో బేరం నోటితో చేయరు. కండువా కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. పద్మనాభయ్య గారు కండువా తీసి ఓబులేసు చేతి మీద కప్పి వేళ్లు పట్టుకున్నారు. ఓబులేసుకు ఆ భాష తెలియదు. కాసేపు చూసి, కండువాలోనుంచి చెయ్యి లాక్కోలేక, మా తమ్ముడి వైపు వంగి, "ఏందయ్యా ఈయన, చెయ్యి వదలడు?" అని గుసగుసలాడాడు. చివరికి మామూలు మనుషుల్లాగా నోటితోనే తేల్చుకున్నారు. చెప్పినదాంట్లో బాగా తగ్గింది. ఓబులేసు దిగాలుగా ఒప్పుకున్నాడు.

బేరం తెగాక లారీ వచ్చింది. ప్రయాణానికి యంత్రం చేతిని దించి, తాళ్లన్నీ విప్పి చుట్టలు చుట్టారు. ఈలోగా మా తమ్ముడికి గడ్డిలో నిధి దొరికింది. ఆ యంత్రానికే తగిలించుకునే వేరే పనిముట్లు మూడు పడి ఉన్నాయి. పడవలను కూడా ఎత్తగల కొక్కెం ఒకటి, రెండు దవడలతో మట్టిని కరిచి పట్టే తొట్టి ఒకటి, గుంజలు దిగ్గొట్టే ఇనుప దిమ్మె ఒకటి. వాడికి కళ్లు తిరిగాయి. కొక్కెంతో బెస్తవాళ్ల పడవలు ఒడ్డుకు లాగొచ్చు, మా చర్చి గంటను స్తంభం మీదికి ఎత్తొచ్చు, ఊళ్లో గుడి రథం గుంటలో దిగబడితే లేపొచ్చు. ఆ దిమ్మెతో ఏం చేయాలో వాడికి తోచలేదు, అందుకే దాని మీద ఎక్కువ ప్రేమ కలిగింది. ఇంకొంచెం వేసుకుని అవీ పుచ్చుకున్నారు.

లారీ డ్రైవరు మాత్రం దిమ్మె ఎక్కనన్నాడు, బరువు మించిపోతుందన్నాడు. సరిగ్గా అప్పుడే ఓబులేసు మనుషులు తాళ్ల చుట్టలు లారీలోకి ఎత్తడం పద్మనాభయ్య గారు చూశారు.

"అదేందబ్బా, పలుపు ఎక్కిస్తుండారే?"

"మీ తాళ్లే గదయ్యా" అన్నాడు ఓబులేసు.

"మావి ఎట్టా అవుతాయి? పలుపు అమ్మినోడిది. దించండి, దించండి. మేము కొత్త పలుపుతో తోలుకుపోయే వోళ్లం. మీ ఇంటి లక్ష్మిని లాక్కుపోయే బుద్ధి మాకు లేదు."

ఓబులేసు మోసగాడు కాదు. "తాడు లేకుండా అది కదలదు సామీ, ఏం చేసుకుంటారు?" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఎంత చెబితే పద్మనాభయ్య గారు అంత గట్టిపడ్డారు. బేరంలో బాగా నలిగినవాడు మర్యాద కోసం అలా అంటున్నాడనుకున్నారు. పాపం, లక్ష్మి అయినా దక్కనీ అనుకున్నారు. అంత మంచి మనసుతో అంత పెద్ద పొరపాటు చేసినవాళ్లను నేను ఇంకెవర్నీ చూడలేదు.

యంత్రం తెలిసిన నిపుణుడు పక్కనే ఉన్నాడు కదా? వాడు లారీ వైపు చూశాడు. తాళ్లు దిగితే దిమ్మెకు చోటు దొరుకుతుంది. "తాడుదేముందయ్యా, నెల్లూరులో మూరలెక్కన దొరకదా?" అన్నాడు. తాళ్లు దిగాయి, దిమ్మె ఎక్కింది.

ఊళ్లో దానికి పూలదండ వేశారు. పూజారి గారు కొబ్బరికాయ కొట్టారు, మా పాస్టరు గారు ప్రార్థన చేశారు. ప్రెసిడెంటు బస్సు కిటికీలో చూసినదంతా ఉపన్యాసంగా చెప్పారు. మా తమ్ముడు గదిలో కూర్చుని ఇంజను లేపాడు. డ్రమ్ము తిరిగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. డ్రమ్ము ఇంకా తిరిగింది. ఇనుప చెయ్యి నేల మీద పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"అన్నా, అది తిరుగుతానే ఉంది, తవ్వేది ఎప్పుడు?" అని మాలకొండమ్మ అడిగింది.

"తాడు రావాల" అన్నాడు మా తమ్ముడు, అదేదో చిన్న సంగతి అయినట్టు.

తాడు రాలేదు. నెల్లూరులో ఇనుము సామాన్ల షావుకారు నవ్వాడు. "యుద్ధం మొదలయినకాడ్నించి అట్టాంటి తాడు కంటికి కనపళ్లా. దరఖాస్తు పెట్టుకోండి, వస్తే మాఘంలో రావచ్చు" అన్నాడు. మాఘానికి మా చేలకు కాలువ అక్కర్లేదు, పడవలు కావాలి.

అయినా నిపుణులు ఊరుకుంటారా? బెస్తవాళ్ల దగ్గర పడవ మోకులు తెచ్చి కలిపి పేని, డ్రమ్ముకు చుట్టారు. చెయ్యి మెల్లగా లేచింది. ఊరు మళ్లీ చప్పట్లు కొట్టింది. తొట్టి కాలువ మీదికి పోయింది, ఒక్కసారి ఇసుకను కరిచింది. మోకు పుటుక్కున తెగింది. తొట్టి సరిగ్గా మొగకు ముందు, కాలువ ఇరుకుగా ఉన్న చోట పడి కూర్చుంది. ఇసుక మిగిల్చిన కాస్త సందు కూడా దానితో మూసుకుపోయింది. ఊరంతా చందా వేసుకుని తెచ్చిన యంత్రం, సముద్రానికి ఆ ఏడు సగం పని తగ్గించింది.

ఆ వారమే వానలు దిగాయి. పారలు తీసుకుని అందరూ పోయారు. ఎప్పటిలాగే తవ్వారు, ఎప్పటిలాగే పూడింది. నీళ్లు పల్లం చేలలోకి వెనక్కి ఎక్కాయి. మాలకొండమ్మ చేలో పైరు చివర్లు మాత్రమే కనబడుతున్నాయి. పద్మనాభయ్య గారు గొడుగు లేకుండా వెళ్లి గట్టు మీద నిలబడ్డారు. ఆమె ఆయన్ను చూసింది. కొంగు నెత్తిన కప్పుకుని పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చింది. తిట్టి ఉంటే ఆయన ఇంటికి వెళ్లి పడుకునేవారేమో. ఆ దారి ఇవ్వడం భరించలేకపోయారు.

నేరుగా కొట్టానికి వచ్చి దేవరను, గిరిని ఎడ్లబండికి కట్టారు. "సమాధానం, ఎక్కు. సంగం పోతుండాం" అన్నారు.

వదిలేసిన పలుపును తిరిగి అడగడానికి పోవడం మా వైపు ఎవరూ చేయని పని. ఆయనకది ఎంత అవమానమో ఊహించండి. మా తమ్ముడు మాత్రం ఇనుప తాళ్ల గురించి ఇందుకూరుపేట నుంచి సంగం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఓబులేసు ఇంటి వసారాలో తాళ్లు ఉన్నాయి. అయితే అవి తాళ్లలాగా లేవు. చుట్టల మీద పసుపు పూసి, కుంకుమ పెట్టి, పూలు వేసి, ముందు దీపం వెలిగించి ఉంది. ఓబులేసు భార్య ఆదిశేషమ్మ ఎదురు వచ్చి ఆయనకు నమస్కారం చేసింది.

"మీరు వదిలిపెట్టి పోయిన వేళావిశేషం అన్నా! ఆ వారమే మా ఆయనకు కొత్త కాంట్రాక్టు వచ్చింది. మా పెద్దమ్మాయికి మగబిడ్డ పుట్టినాడు. ఇదంతా ఆ పలుపు చలవే. మీలాంటి ధర్మాత్ములు ఎవరుండారన్నా ఈ రోజుల్లో?"

పద్మనాభయ్య గారు తడి కండువా పిండుకుంటూ నిలబడ్డారు. చివరికి, "ఆ తాడు కోసమే వచ్చినానమ్మా" అన్నారు.

ఆవిడ ముఖం తెల్లబోయింది. "అదెట్టా అన్నా? పలుపు ఇచ్చేస్తే ఇంటి లక్ష్మి పోదా? మీరే గదా చెప్పినారు!"

"అది పలుపు కాదమ్మా. ఇనుము."

"ఆ రోజు పలుపన్నారు గదన్నా?"

ఆయన కండువా మళ్లీ పిండుకున్నారు. మా తమ్ముడు కూడా నోరు మెదపలేదు. వాడి జీవితంలో అలా జరిగింది అదొక్కసారే. ఓబులేసు స్తంభం వెనక కళ్లు మూసుకుని, తాళ్ల వైపు తిరిగి చేతులు జోడించి ఉన్నాడు. అతనికి భక్తి ఎప్పుడు కలిగిందో, ఎందుకు కలిగిందో నేను చెప్పనక్కర్లేదు. వేలిభాష నేర్చుకోకపోయినా బేరం నేర్చుకున్నాడు.

చేను మునుగుతోందనీ, ఒక విధవకు మాట ఇచ్చాననీ పద్మనాభయ్య గారు చెప్పారు. ఆదిశేషమ్మ చెడ్డమనిషి కాదు. విని నిజంగానే కంటనీరు పెట్టుకుంది. ఆలోచించి ఒక దారి చెప్పింది.

"పలుపుకు పలుపు ఇయ్యండన్నా. ఇంటి లక్ష్మి ఇంట్లోనే ఉండినట్టు ఉంటాది. అయితే వట్టి తాడు ఎందుకు? పశువు మెడలో ఉండే పలుపయితేనే లక్ష్మి."

ఆవిడ చూపు వాకిట్లోకి పోయింది. అక్కడ వానలో తడుస్తూ దేవర తల ఊపుతోంది.

పద్మనాభయ్య గారు వాకిట్లోకి దిగారు. దేవరను కాడి నుంచి విడిపించారు. గంగడోలు నిమిరారు. అలవాటు కొద్దీ చెయ్యి పలుపు ముడి మీదికి పోయింది. అమ్మినవాడు పలుపు విప్పి ఉంచుకోవాలి కదా.

"అన్నా, పలుపు ఉండనీండి" అంది ఆదిశేషమ్మ వసారాలోంచి.

ఆయన చెయ్యి ముడి మీదే కాసేపు ఉండిపోయింది. తర్వాత చెయ్యి తీసేశారు. పలుపుతో సహా దేవరను వాళ్ల గుంజకు ఆయనే కట్టారు. ఈ ముక్క చెప్పేటప్పుడు మా తమ్ముడు ఎప్పుడూ కోతలు కోయలేదు. నాకు కూడా ఇక్కడ వెక్కిరింపు రావడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బండికి ఒక వైపు గిరి, రెండో వైపు ఓబులేసు బాడుగకు ఇప్పించిన ఎర్ర ఎద్దు. గిరి మాటిమాటికీ పక్కకు తల తిప్పి చూసి ఆగిపోయేదట.

తాళ్లు వచ్చాక యంత్రం బుద్ధిగా పనిచేసింది. ముందు తొట్టిని నీళ్లలోంచి ఎత్తుకుంది. ఎడమ కాలు ఈడుస్తూ, దగ్గుతూ, నల్లగా పొగ వదులుతూ, ఆయన చెప్పిన రోగాలన్నిటితో సహా మొగను తవ్వేసింది. నీళ్లు ఎర్రగా సుళ్లు తిరిగి సముద్రంలోకి పోయాయి. మాలకొండమ్మ చేలో ఒక మూల కుళ్లింది, మిగతాది తేరుకుని తల ఎత్తింది. కౌలు పోలేదు. కోతలయ్యాక ఆమె కొత్త బియ్యం కుంచెడు తెచ్చి పద్మనాభయ్య గారి ఇంట్లో ఇచ్చింది. ఆయన దేవర గుంజ వైపు చూసి, "మాట నిలబడిందిలే" అన్నారు.

యంత్రం కొన్న తమ దూరదృష్టికి ప్రెసిడెంటు, మా తమ్ముడు దండలు వేయించుకున్నారు. పద్మనాభయ్య గారికి కూడా ఒకటి తెచ్చారు గానీ ఆయన రాలేదు. అదనపు పనిముట్లు కూడా వృథా పోలేదు. రెండు దవడల తొట్టిలో కోళ్లు పొదిగాయి. కొక్కేనికి పంచాయతీ వాళ్లు లాంతరు వేలాడదీశారు. దిమ్మె మీద కూర్చుని మా తమ్ముడు మిలిటరీ కథలు చెప్పేవాడు. మా చర్చి గంట ఇప్పటికీ స్తంభం కిందే ఉంది.

ఆ తర్వాత పద్మనాభయ్య గారు సంతకు వెళ్లడం మానేశారు. ఎవరైనా వచ్చి జత చూడమంటే, "నా చూపు పోయిందబ్బా" అనేవారు. చూపు బాగానే ఉండేది. కొట్టంలో గిరి ఒక్కటే ఉండేది. ఒంటి ఎద్దుతో దున్నడం కుదరదు, అమ్మడానికి ఆయనకు మనసు రాదు. దాని జతగా ఇంకోదాన్ని తెమ్మని భార్య వచ్చి గిరికి చాలాసార్లు చెప్పింది. దేవరకు చెబితే వినబడేది గానీ, గిరికి చెబితే ఆయనకు వినబడలేదు.

కొన్నేళ్లకు ప్రభుత్వం వాళ్లే కాలువ బాగుచేయడానికి పెద్ద యంత్రాలు తెచ్చారు. మా బండి మూలపడింది. దాన్ని అమ్మేద్దామన్నారు. ముత్తుకూరు నుంచి చిన్నపోలయ్య అనే రైతు వచ్చాడు. ఉప్పు పండే కయ్యలకు కాలువలు తవ్వుకోవాలట. మంచి తెల్ల ఎద్దుల జత కట్టిన బండిలో దిగాడు. యంత్రం చుట్టూ తిరిగి, కింద ఇసుక పిడికెడు తీసి వాసన చూశాడు. అది చూసి పద్మనాభయ్య గారు ఎన్నాళ్లకో నవ్వారు. బేరం తెగింది. లారీ వచ్చింది. తాళ్లు విప్పి చుట్టలు కట్టారు.

చిన్నపోలయ్య రెండు చేతులూ అడ్డంపెట్టాడు. "పలుపు మాకొద్దు పెద్దాయనా. అది అమ్మినోళ్లది. మీ ఊరి లక్ష్మిని తీసుకుపోతే మాకు పుట్టగతులుండవు."

మా తమ్ముడు దిమ్మె మీద నుంచి లేచి నిలబడ్డాడు.

పద్మనాభయ్య గారికి ముందు కోపం వచ్చింది. "తాడు తీసుకోకపోతే బండి ఇచ్చేది లేదు, పో!" అని అరిచారు. చిన్నపోలయ్య కూడా గట్టివాడే. మర్యాద తప్పే వంశం కాదు తనదన్నాడు. కొనేవాడు తాడు వద్దని, అమ్మేవాడు తీసుకోమని, ఇద్దరూ సముద్రం హోరును మించి అరుచుకున్నారు. మా ప్రెసిడెంటు తల పట్టుకున్నారు. పాత ఇనుముకు మళ్లీ ఇంకో బేరం ఎక్కడ దొరుకుతుంది?

ఉన్నట్టుండి పద్మనాభయ్య గారు అరవడం ఆపి, చిన్నపోలయ్య బండి దగ్గరికి నడిచారు. కుడి పక్కన కట్టిన వలపటి ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగారు. దాని వీపు మీద అరచెయ్యి వేశారు. చాలాసేపు తియ్యలేదు.

"మంచి జత. నువ్వు ఎంచుకున్నదేనా?"

"దూడప్పుడు నేనే తెచ్చుకున్నా పెద్దాయనా."

"నా ఎద్దు పోయింది చాలబ్బయ్యా" అన్నారు, గొంతు తగ్గించి. "నీ ఎద్దు గూడా పోవాల్నా? తాడు తీసుకుపో."

ఏం జరిగిందో చిన్నపోలయ్యకు తెలియదు. ఒకసారి ఆయన మొహం చూశాడు, ఒకసారి తన ఎద్దును చూసుకున్నాడు. తాళ్లు లారీలోకి ఎత్తమని తన మనుషులకు చెప్పాడు.